ముక్కల లెక్క

మొన్న ఆదివారం మా అబ్బాయి టీవీలో ఏదో డాక్యుమెంటరీ పెట్టి ఇంటిల్లిపాదినీ కూచోబెట్టాడు. అన్నం వద్దు, పప్పు వద్దు, కూరగాయలు అసలే వద్దు. మాంసం, గుడ్లు, నెయ్యి ఉంటే చాలునట మనిషికి! అరగంటయ్యేసరికి మా ఆయన కళ్ళు మెరిశాయి. ఆయనకి షుగరొచ్చి ఆరేళ్ళయింది లెండి. నేను కొలిచి పెట్టే అన్నం మీద ఆయనకున్న కక్ష ఇంతా అంతా కాదు.

అందులో స్టెఫాన్సన్ అనే ఆయన కథ చెప్పారు. కెనడాలో పుట్టినవాడు. మనం చిన్నప్పుడు ఎస్కిమోలని చదువుకున్నామే, ఆ ఇన్యూట్ల మధ్య ఏళ్ళ తరబడి ఉండి, వాళ్ళలాగే మాంసం, చేపలు తిని బతికాడు. చెబితే ఎవరూ నమ్మలేదు. దాంతో 1928లో న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆస్పత్రిలో మొదలుపెట్టి, ఆండర్సన్ అనే తోటి యాత్రికుడితో కలిసి, డాక్టర్లు కనిపెట్టి ఉండగా ఏడాదిపాటు మాంసం మీదే గడిపాడు. ఇద్దరూ నిక్షేపంలా ఉన్నారు.

"చూశావటోయ్!" అన్నారు మా ఆయన.

చూశాను. కానీ మా అమ్మాయి ఊరుకునే రకం కాదుగా! వెతికి, చదివి వినిపించింది. మొదట్లో కొవ్వు తీసేసిన మాంసం ఒక్కటే పెడితే స్టెఫాన్సన్‌కి రెండు మూడు రోజులకే కడుపు చెడిందట. కొవ్వు కలిపాక గాని కుదుటపడలేదు. పైగా ఆ పరీక్షకి డబ్బు సాయం చేసింది ఎవరనుకున్నారు? అమెరికా మాంసం వ్యాపారుల సంఘం! పెళ్ళిచూపుల్లో పిల్ల గుణగణాలు మేనమామ చేత చెప్పించినట్టు లేదూ?

మా డాక్టరుగారైతే, షుగరు మాత్రలు వేసుకుంటూ ఉన్నట్టుండి అన్నం మానేస్తే షుగరు మరీ పడిపోయి కళ్ళు తిరుగుతాయని కోప్పడ్డారు. ఆయన ఉత్సాహం అక్కడితో సరి.

ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆకుకూరల్లో ఇనుము కంటే మాంసంలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుందని చెప్పారు అందులో. అది నిజమేనని డాక్టరుగారూ అన్నారు. వినగానే మా అమ్మ గుర్తొచ్చింది.

మా ఇంట్లో ఆదివారం అరకిలో మాంసం, తినేవాళ్ళం తొమ్మిది మందిమి. అమ్మ గరిటెతో అడుగునుంచి కలియబెట్టి తాతయ్యకి, నాన్నకి, అన్నయ్యలకి ముక్కలు వేసేది. తరవాత ఆడపిల్లలకి. తను కూచునేసరికి గిన్నెలో పులుసు, మహా అయితే ఓ బంగాళాదుంప ముక్క. "నాకు ముక్క సయించదే" అనేది. నిజమే కాబోలనుకున్నాం. రక్తం లేదని డాక్టరు రాసిన మాత్రలు గూట్లో ఉండేవి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

నా పెళ్ళయ్యాక మా ఇంటికొచ్చినప్పుడు ముందు అమ్మకే వడ్డించాను. మాట్లాడకుండా అయిదు ముక్కలు తిని, మూలుగ ఎముక కూడా పీల్చి, "ఉప్పు సరిగ్గా పడిందే" అంది.

నిన్న మళ్ళీ మాంసం వండాను. అందరికీ వడ్డించి కూచున్నాను. మా అమ్మాయి నా కంచంలోకి తొంగిచూసి, "అమ్మా, నీకు ముక్కలేవీ?" అంది.

"నాకు అంతగా సయించదే" అన్నాను.

అది నా చేతిలో గరిటె లాక్కుంది.