కాటా చీటీ

నాతో కొండదారి పట్టే కుటుంబం ముందుగా ఎక్కేది ఘాటు కాదు, ఊరి చివరి లారీల కాటా. సామాను సర్దేసి, ట్యాంకు నింపి, పిల్లల్ని కూర్చోబెట్టి, తలుపులన్నీ వేశాక బండిని తిన్నగా తీసుకెళ్లి కాటా మీద ఆపుతాను. గుమాస్తా కిటికీలోంచి చీటీ అందిస్తాడు. ఐదు తలుపుల మారుతి జిమ్నీ అయితే ఆ చీటీలో అంకె 1545 కిలోలు దాటకూడదు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి కంపెనీ పెట్టిన హద్దు అది. దాటిందా, అక్కడే పక్కకు తీయించి సామాను దింపిస్తాను. "ఇరవై కిలోలే కదండీ" అంటారు. ఇరవై కిలోలే. ఆ ఇరవై ఏ మలుపులో ఎటు లాగుతుందో నాకు తెలుసు కాబట్టి ఒప్పుకోను.

ఖాళీ బండి ఇంచుమించు 1200 కిలోలు. మనకు మిగిలేది సుమారు 340. భార్యాభర్తలు, ఇద్దరు బడిపిల్లలు కలిసి 190 అనుకుందాం. ఇక చేతిలో ఉండేది 150. దాన్ని చాలామంది ఇల్లు కదలకముందే ఖర్చు పెట్టేస్తున్నారు. ముందు ఇనుప బంపరు, దానికో బండిని లాగే వించి, నెత్తిన ఇనుప ర్యాకు, ర్యాకు మీద మడత గుడారం. 150 అక్కడికే చెల్లు. మరి నీళ్లెక్కడ పెడతారు? పిల్లల దుప్పట్లెక్కడ పెడతారు? ముందు బిగించే ఆ ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి రోడ్డు మీద నడిచేవాళ్లకూ, బండిలో కూర్చున్నవాళ్లకూ చేటే. నెత్తి మీది గుడారం సంగతీ చెప్పాలి. జిమ్నీ వెడల్పు 1645 మిల్లీమీటర్లు, ఎత్తు 1720. వెడల్పు కన్నా ఎత్తే ఎక్కువ. అలాంటి బండి తలమీద యాభై అరవై కిలోలు పెట్టి అనంతగిరి ఘాటు మలుపులు తిప్పితే వెనక కూర్చున్న పిల్లలకు కడుపులో తిప్పడం ఖాయం, అంతకు మించినది కూడా జరగొచ్చు. నా గుడారాలు నేలమీదే వేస్తాను.

ఈ బరువు పట్టింపు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. 1998లో పదో తరగతి అయ్యాక విశాఖలో ఒక జిప్సీల షెడ్డులో చేరాను. మారుతి జిప్సీ మన దేశంలోకి 1985 చివర్లో వచ్చింది. మొదట 970 సీసీ ఇంజను, 1996 నుంచి 1300. నాలుగు మూలలా కమాన్ కట్టలే. అవి రాయి మీద పడితే వెన్ను అదురుతుంది కానీ, పెద్ద జీపు ఇరుక్కునే చోట జిప్సీ మేకపిల్లలా దాటేసేది. చేరిన రెండో నెలలో ఒక జిప్సీని లారీ మీద వేసుకొచ్చారు. చింతపల్లి వైపు వెనక కమాను విరిగి ఆగిపోయిన బండి. గురువుగారు విరిగిన పట్టీ ఊడదీసి నా చేతిలో పెట్టారు. "సూడు, సరిగ్గా సూడు" అన్నారు.

విరిగిన చోట లోహం రెండు రంగుల్లో ఉంది. పైసగం తుప్పు పట్టి గోధుమ రంగు. కింద సగం అప్పుడే కడిగిన గిన్నెలా తళతళ. వేలితో రాస్తే ఒకవైపు పొడి రాలింది, ఇంకోవైపు గరుకుగా తగిలింది. "ఇది నిన్న ఇరిగింది కాదురా. ఆరు నెల్ల కిందట పగిలింది. మెరిసేదే నిన్న ఇరిగింది. బరువు ఎక్కించిన రోజు బండి ఏం అనదు. రాసుకుని ఉంచుతాది" అన్నారు. ఆ పట్టీ ముక్క ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. బండికి ఇనుము తగిలించుకుంటామని వచ్చినవాళ్లకు ముందు అదే చూపిస్తాను.

జిప్సీలు 2019 నుంచి మామూలు జనానికి రావడం ఆగిపోయింది. 2023 జూన్‌లో ఐదు తలుపుల జిమ్నీ వచ్చింది. అప్పటినుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లు మారారు. అంతకుముందు ఒంటరి కుర్రాళ్లు. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, పోర్టులో పనిచేసేవాళ్లు, పిల్లాపాపలతో. నేను నా పాత జిప్సీలో ముందు నడుస్తాను, వాళ్లు వెనక వస్తారు. ఎక్కువగా అరకు, పాడేరు, మినుములూరు, లంబసింగి. జిమ్నీ నాలుగు సీట్ల బండి కాబట్టి ఐదో మనిషి ఉన్న ఇంట్లో చిక్కు వస్తుంది. కిందటేడు ఒక కుటుంబంలో నాయనమ్మ కూడా వస్తానంది. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని బతిమాలింది. కుదరదన్నాను. "అమ్మా, మీరు కిరండూల్ రైల్లో రండి, స్టేషన్లో మేం ఉంటాం. దిగువకు వచ్చేటప్పుడు కోడలు రైలెక్కుతుంది, మీరు బండెక్కుదురుగాని" అని సర్దాను. ఆవిడ ఎన్నో సొరంగాలు దాటుకుని అరకులో దిగింది. చేతిలో స్టీలు క్యారేజీ, అందులో ఇంకా గోరువెచ్చగా పులిహోర. ఆ ప్రయాణంలో అందరికన్నా హాయిగా ఉన్నది ఆవిడే.

ఏం పట్టుకెళ్లాలో అడుగుతారు. నీళ్లతో మొదలుపెడతాను. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. నలుగురికి రెండు రోజులంటే 32 లీటర్లు, అంటే 32 కిలోలు. ఒకే పెద్ద క్యాను వద్దు, పది లీటర్లవి నాలుగు తెచ్చి వెనక సీటు వీపుకు ఆనించి నేలమీద పెట్టండి. బరువు ఎంత కిందికి, ఎంత మధ్యకు ఉంటే బండి అంత బుద్ధిగా నడుస్తుంది. జిమ్నీలో వెనక సీట్లు ఎత్తి ఉంటే సామాను చోటు 208 లీటర్లే, కాబట్టి ట్రాలీ సూట్‌కేసులు ఇంట్లోనే ఉండాలి. బట్టలు గుడ్డ సంచుల్లో, ఏ సందులోకైనా ఒదుగుతాయి. దోమతెర మాత్రం మనిషికొకటి తప్పదు. ఏజెన్సీలో మలేరియా ఊరికే వదిలే జ్వరం కాదు, మెదడుకెక్కే రకం ఉంది. తెర బరువు అరకిలో కూడా ఉండదు. టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు, తాడు, పార, ఒక చెక్కపలక. బురదలో గాలి ఏడెనిమిది పౌండ్లు తగ్గిస్తే టైరు నేలమీద పరుచుకుని పట్టు దొరుకుతుంది. తారు ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి, అందుకే పంపు.

ఇంకొక్కటి, నడిపే ఆయన కోసం. ఎండిన తారు రోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిసి లాగే 4హెచ్ వేయకండి. జిమ్నీకి ముందు, వెనక ఇరుసుల మధ్య సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఇంకో దూరం తిరగాలి. నేల జారుడుగా ఉంటే టైర్లు కాస్త జారి సరిపెట్టుకుంటాయి, గట్టి తారు మీద ఆ లాగుడంతా గేర్ల మీద పడుతుంది. ఘాటు దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి. వాసన వచ్చేదాకా బ్రేకు తొక్కకూడదు.

బస ఎక్కడ అన్నది బండికన్నా పెద్ద విషయం. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా గుడారం వేయడం నేరం, నేను వేయను. మినుములూరు వైపు ఒక కాఫీ రైతు పొలం అంచున, సిల్వర్ ఓక్ చెట్ల కింద చదును ఉంది. గుడారానికి ఇంత అని ముందే ఆ అన్న చేతిలో పెడతాను. ఏజెన్సీలో భూమి గిరిజనులది. 1/70 చట్టం ఉంది కాబట్టి బయటివాళ్లు కొనలేరు. మనం అక్కడ చుట్టాలం, అంతే. అడక్కుండా పొలంలో బండి తిప్పి వలిసె చేను తొక్కించినవాళ్లను చూశాను. ఫొటో కోసం పసుపుపూల మధ్యకు బండి తోలారు. ఆ గింజ ఆ ఇంటి నూనె, ఆ ఏడాది చేతి ఖర్చు. అలాంటివాళ్లతో నేను మళ్లీ వెళ్లలేదు.

నా తప్పు కూడా రాయాలి. ఒక అక్టోబరులో, భార్యాభర్తలు, ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు. గెడ్డ పక్కన ఇసుక మేట అందంగా ఉందని పాప అక్కడే ఉందామంది. ఆకాశం శుభ్రంగా ఉంది, చుక్కలున్నాయి. సరేనన్నాను. గెడ్డకు మన నెత్తిమీది ఆకాశంతో పని లేదనీ, పైకొండ మీద కురిస్తే చాలనీ నాకు తెలియక కాదు. ఆ సాయంత్రం తెలిసినా పట్టించుకోలేదు. రాత్రి ఒంటిగంటప్పుడు మెలకువ వచ్చింది. పడుకోబోయే ముందు విన్న గలగల ఒక్కటే కాదు. దాని అడుగున ఇంకో చప్పుడు, గదిలో ఎవరో పీటలు జరుపుతున్నట్టు. నీటి కింద రాళ్లు దొర్లుతున్నాయి. టార్చి వేస్తే సాయంత్రం గిన్నెలు తోముకున్న బండరాయి కనబడలేదు.

పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తి వెనక సీట్లో వేశాం. గుడారం, గిన్నెలు, స్టవ్వు అక్కడే వదిలేశాం. బండి ముఖం ఒడ్డువైపు పెట్టి ఉంచడం ఒక్కటే ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని. నాలుగు చక్రాలూ నిదానంగా, బలంగా లాగే 4ఎల్ వేసి, మొదటి గేరులో, తడిమట్టి గట్టు నిదానంగా ఎక్కించాడాయన. నేను పక్కన నడుస్తూ టార్చితో చక్రం ఎక్కడ పెట్టాలో చూపించాను. గట్టు మీద పనస కొమ్మ ఒకటి అడ్డంగా ఉంది, బండి కప్పు దానికి జానెడు కిందుగా వెళ్లింది. పైన ర్యాకు, గుడారం ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం, వెనక సీట్లో సామాను కుక్కి ఉంటే పిల్లలకు చోటే ఉండేది కాదు. పొద్దున చూస్తే ఇసుక మేటే లేదు. గుడారం డబ్బు వద్దన్నా ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత గెడ్డకు రెండు తాటిచెట్ల ఎత్తు దూరమైనా ఇవ్వనిదే నేను గుడారపు మేకు దిగ్గొట్టలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి బస చేరాలన్న నియమం కూడా అప్పుడు పెట్టుకున్నదే. చీకట్లో చోటు వెతుక్కునేవాడు కళ్లకు నచ్చిన చోటే ఎంచుకుంటాడు.

చలికాలంలో భయం వేరే. డిసెంబరు, జనవరిలో లంబసింగిలో రాత్రి చలి ఐదారు డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతుంది. పిల్ల వణుకుతోందని ఒక తల్లి నిప్పుల కుంపటి గుడారంలోకి తీసుకెళ్లబోయింది. చేయి పట్టుకుని ఆపాను. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషి లేవడు. అద్దాలు ఎత్తేసిన బండిలోనూ అంతే. ఆ రాత్రి స్టీలు సీసాల్లో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, పిల్లల కాళ్ల దగ్గర పెట్టాం. తెల్లారేదాకా వెచ్చగా ఉన్నాయి. నేల నుంచి వచ్చే చలికి మందపాటి చాప ఒకటి కింద ఉంటే పై రెండు దుప్పట్ల పని చేస్తుంది.

ఉదయం ఆరుకి పొగమంచులో పిల్లలు ఉన్ని టోపీలతో స్టవ్వు చుట్టూ చేరతారు. కాఫీ రైతు ఇంటి పిల్లలు కూడా వస్తారు. అరగంటలో అందరూ కలిసి కాఫీపళ్లు ఏరుతుంటారు. 1998 నుంచి చేతికి గ్రీజు ఉన్న మనిషిని. ఈ పని ఎందుకు మానలేదని అడిగితే ఆ అరగంట చూపిస్తాను.

మీరు నాతో రావాలని లేదు. మీ దగ్గర ఏ చిన్న బండి ఉన్నా సరే, దాని పుస్తకంలో మొత్తం బరువు హద్దు రాసి ఉంటుంది, చూడండి. బయల్దేరే రోజు పొద్దున్నే దారిలో ఉన్న లారీల కాటా మీద ఒక్కసారి ఆపండి. కాటా ఎక్కేటప్పుడు పిల్లల్ని మాత్రం కిందికి దింపకండి.