రెండు యూనిట్ల రక్తం

మానవుడు తన అజ్ఞానాన్ని గ్రంథాలయంలో కంటే ఆసుపత్రి వరండాలోనే త్వరగా గుర్తిస్తాడు. నాకు ఆ గుర్తింపు పోయిన వర్షాకాలంలో కలిగింది.

ఒకనాటి వేకువజామున ఫజ్ర్ నమాజుకై వజూ చేసుకోవడానికి వెళ్ళిన మా అమ్మీ తడిసిన బండలమీద జారి పడిపోయింది. డెబ్బైయొకటో ఏట తుంటి వద్ద తొడ ఎముక విరిగింది. శస్త్రచికిత్స తప్పదన్న డాక్టరుగారు, “మాస్టారూ, రెండు యూనిట్ల రక్తం సిద్ధంగా ఉండాలి” అన్నారు. ఇంకా కత్తి తాకనే లేదు, అప్పుడే రక్తమెందుకని అడిగాను.

“విరిగిన క్షణంనుంచే రక్తం పోతోంది, మీ కంటికి కనబడదంతే” అని ఆయన వివరించారు. ఎముక రక్తసమృద్ధి గల జీవధాతువు. మాంసంలోని నాళాన్ని ముడివేసి ఆపినట్లు ఎముక గుల్లలో ఊరే రక్తాన్ని ఆపడం సాధ్యం కాదు. తుంటి కీలును కప్పే పొరకు లోపల విరిగితే ఆ పొర రక్తాన్ని కొంత అదుపు చేస్తుంది; వెలుపల విరిగితే అది తొడ కండరాలలోకి యథేచ్ఛగా పారుతుంది. అమ్మీది రెండవ రకం. వార్ధక్యం, బక్కపలుచని దేహం, రక్తాన్ని పలుచబరచే మాత్రలు, సుదీర్ఘమైన శస్త్రచికిత్స, ఇవన్నీ రక్తం ఎక్కించవలసిన అవసరాన్ని పెంచుతాయి. అన్నింటినీ మించినది ముందునుంచీ ఉన్న రక్తహీనత.

“అమ్మగారికి ఆయాసం ఎన్నాళ్ళనుంచి? ఏ మాత్రలు వాడుతున్నారు? రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు?” మొదటి రెండు ప్రశ్నలకు మా చెల్లెలు జవాబు చెప్పింది. మూడవదానికి జవాబే లేదు. స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు, అమ్మీకి 8.6 మాత్రమే ఉంది. తరగతిలో హాజరుపట్టీ ఒక్కనాడూ తప్పని నేను, మెట్టు మెట్టుకూ ఆగి నిలబడే తల్లిని చూసి ‘వయసు’ అని సరిపెట్టుకున్నాను. కీలుమార్పిడివంటి ముందుగా నిర్ణయించుకునే చికిత్సలకైతే కొన్ని వారాల ముందే పరీక్షించి, ఇనుము ఇచ్చి రక్తం పెంచుకోవచ్చు. జారిపడిన వారికి ఆ గడువు దొరకదు.

వైద్యశాస్త్రం ఈ విషయంలో చాలా ముందుకు సాగింది. పూర్వం హిమోగ్లోబిన్ 10కి తగ్గితే రక్తం ఎక్కించేవారు. తుంటి విరిగిన రెండువేల మందిపై జరిగి 2011లో వెలువడిన పరిశోధన, 8 వరకు వేచి చూసినా రోగులకు అదనపు హాని లేదని తేల్చింది. జపాను శాస్త్రజ్ఞ దంపతులు ఉటాకో, షోసుకే ఒకమోటోలు 1962లో వెల్లడించిన ట్రానెగ్జామిక్ ఆమ్లం, గట్టిపడిన రక్తపు గడ్డ త్వరగా కరగకుండా కాపాడుతుంది. అమ్మీకి అదీ ఇచ్చారు. అయినా మరునాటికి హిమోగ్లోబిన్ 7.4కు దిగింది. రక్తం అవసరమే అయింది.

ముప్పైయారేళ్ళు వచ్చినా నేను ఏనాడూ రక్తదానం చేసినవాణ్ణి కాను. ఆనాడు నా వెంట మన ఉర్దూ విభాగపు విద్యార్థి ఒకడు, తెలుగు విభాగపు విద్యార్థి ఒకడు పిలవకనే వచ్చారు. ముగ్గురమూ ఇచ్చిన రక్తం రక్తనిధికి చేరింది. అమ్మీకి ఎక్కించిన సంచులపై సంఖ్య, గ్రూపు, గడువుతేది తప్ప పేరు లేదు. దాత ఎవరో మాకు తెలియదు. మా రక్తం ఎవరి నాళాలలో ప్రవహిస్తున్నదో కూడా తెలియదు. ఆ తెలియకపోవడమే ఎంతో గౌరవప్రదంగా తోచింది.

విద్యార్థులారా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులు. మీ ఇంటి తల్లులకు, అక్కచెల్లెళ్ళకు ఆపద రాకముందే ఆ చిన్న పరీక్ష చేయించండి. పద్ధెనిమిదేళ్ళు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ గల ఆరోగ్యవంతులు రక్తమివ్వవచ్చు. ఏటా అక్టోబరు 1న, జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినాన, కళాశాలలో శిబిరం నెలకొల్పవలసిందిగా పాలకవర్గం పెద్దలకు నా మనవి.

అమ్మీ ఇప్పుడు కుర్చీలో కూర్చుని నమాజు చేస్తున్నది. దుఆలో తన బిడ్డల పేర్ల తరువాత, పేరు తెలియని ఆ ఇద్దరికోసం కూడా చేతులెత్తుతున్నది.