నల్లరవ్వలో ద్రాక్ష

ఆఫ్రికా తీరమునకు చేరువగా నున్నను స్పెయిను దేశమునకు చెందిన కానరీ ద్వీపములలో లాన్సరోటే యనునది యొకటి. ఏడాదికి సుమారు 150 మిల్లీమీటర్ల వానయే కురియు ఆ మెట్టనేలపై, ఎడతెగని యీశాన్యపుగాలి నడుమ, శతాబ్దములుగా ద్రాక్ష పండుచున్నదనగా మొదట నమ్మబుద్ధి పుట్టదు.

1730 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి అచట తిమన్‌ఫాయ గ్రామసమీపమున భూమి విచ్చి మంటలు వెడలినవి. యైసా గ్రామపు మతగురువు ఆంద్రేస్ లొరెంజో కుర్బేలో తాను కన్నది వ్రాసి పెట్టినందున ఆ దినముల యుత్పాతము మనకు తెలియుచున్నది. 1736 వఱకు ఉండియుండి చెలరేగిన ఆ యగ్ని, ఊళ్లను మ్రింగి, ధాన్యము పండు పొలములను లావాతోను నల్లని రాతిరవ్వతోను కప్పివేసెను. షేక్స్పియరు నాటకములలో వినవచ్చు కానరీ మద్యము లాన్సరోటే ద్రాక్షతోటలది కాదు. ఇవి ఆ యుత్పాతమునకు పిమ్మట పుట్టినవి.

పొలములను కప్పిన ఆ నల్లరవ్వను పికోన్ అందురు. సూక్ష్మరంధ్రములు గల యా రవ్వ రాత్రి తేమను, అరుదుగా పడు చినుకును క్రిందికి దించి, పగటి యెండకు అది ఆవిరి కాకుండ కాపాడును. లా హెరియా లోయలో రైతు, ఒక్కొక్కచోట మూడు మీటర్ల లోతు వఱకు, గరాటు ఆకారమున రవ్వను త్రవ్వి, అడుగున పాతమన్ను తగులగానే అందొకటి రెండు తీగలు నాటి, గాలి వచ్చు వైపున సున్నము లేకయే నల్లరాళ్లు పేర్చి, అర్ధచంద్రాకృతిలో పొట్టిగోడ కట్టును. తీగ పందిరి నెఱుగదు. గోతిలోనే, రవ్వవాలునకు చేరువగా, గోడ చాటున ఒదిగి ప్రాకును. పచ్చదనమంతయు ఆ గోతిలోనిదే. వెలుపల కనుచూపుమేర నలుపే.

అచట ముఖ్యమైన ద్రాక్ష మల్వసీయా వొల్కానికా. దాని తెల్లమద్యమున పుల్లదనముతో పాటు ఒకింత ఉప్పదనమును తోచునందురు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా తోటలను నాశనము చేసిన ఫిలాక్సెరా పురుగు ఈ ద్వీపమునకు రాలేదు గనుక, దానిని తట్టుకొను అమెరికా ద్రాక్షవేళ్లకు అంటు కట్టు నవసరము లేక, తీగలు సొంత వేళ్లమీదనే నిలిచినవి.

ఇదంతయు ప్రకృతి యిచ్చిన వరమని కొందఱందురు, నేనొప్పుకొనను. రవ్వ తేమను నిలిపినది నిజమే. గోయి త్రవ్వినది మనిషి. యంత్రము దిగలేని యా గోతులలో, వేసవి నడుమనే, ఒక్కొక్క గుత్తిని చేతితో కోయవలెను. గాలి నింపిన రవ్వను ఏటేట ఎత్తిపోయవలెను. లాన్సరోటేలో అడుగిడు తెలుగువారికి నాదొక మనవి: బాట విడిచి ఆ గోతులలోనికి దిగకుడు, మీ యడుగునకు జారిన రవ్వను మరల పైకెత్తవలసినది ఆ రైతే.