పాటకు పట్టు కాలము

మా పాఠశాలలో ఇరువదియేండ్లకు పైగా సంగీతము నేర్పిన ఉపాధ్యాయులవారు 2024వ సంవత్సరము డిసెంబరు నెలలో ఉద్యోగవిరమణ చేసి స్వగ్రామమునకు వెడలిపోయిరి. పోవుటకు ముందు వారు తాము కూర్చిన క్రిస్మస్ గీతమొకటి మాకు నేర్పి, దానికి సింథసైజరుపై తామే వాద్యసహకార మొనర్చిరి. ఆ పాటను కంప్యూటరునందు పదిలపరచి, వార్షికోత్సవ దినమున అందరకు వినిపించు భారము పదవ తరగతివారమైన మా ముగ్గురిపై బడినది. ఆ భారమును మే మెట్లు మోసితిమో, ఎచ్చట తొట్రుపడితిమో, దానివలన నేమి గ్రహించితిమో మనవి చేయుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఆ దినమున సింథసైజరును కంప్యూటరునకు మిడి కేబులుతో కలిపితిమి. మాస్టరుగారు వాయించుచుండగా తెరపై చిన్న చిన్న గీతలు వరుసగా నేర్పడుచుండెను. పిమ్మట మైకు పెట్టి గాయకబృందము కంఠములను వేరొక ట్రాకులో చేర్చితిమి. తిరిగి వినునప్పుడు వాద్యమును కంఠములును చక్కగా కలిసి వినవచ్చినవి. ఇక కొరత యేమున్నదని తలచి ఎక్స్‌పోర్టు చేసితిమి. నాలుగు నిమిషముల పాట పది సెకనులైనను గడువకమునుపే ఫైలుగా సిద్ధమైనది. ఆ వేగమునకు మురిసిపోయి, ఫైలును పెన్‌డ్రైవులో నెక్కించి, ఒక్కమారైనను వినక దాచితిమి.

2025వ సంవత్సరము ఫిబ్రవరిలో వార్షికోత్సవము జరిగినది. మాస్టరుగారు అతిథులై విచ్చేసి ముందువరుసలో కూర్చుండిరి. మేము పాటను ప్రారంభించితిమి. పల్లవికి ముందు రావలసిన వాద్యము రాలేదు. సభ యంతయు ఇరువది సెకనులు నిశ్శబ్దముగా ఎదురుచూచినది. అటుపిమ్మట ఉత్త కంఠములు మాత్రము వినవచ్చినవి. చరణమునకు చరణమునకు నడుమ మరల మౌనమే. మేము తల లెత్తలేకపోయితిమి. సభ ముగిసిన పిదప మాస్టరుగారు మా వద్దకు వచ్చి, "పిల్లలు చక్కగా పాడినారు నాయనా" అనిరి. తమ వాద్యమును గూర్చి ఒక్కమాటైనను అడుగలేదు. వారు కోపపడియున్న మాకు సుళువుగా నుండెడిది.

మరునాడే కారణమును వెదకసాగితిమి. మేము మొదట నేర్చినది యేమన, మిడి యనునది ధ్వని కాదు, ఆజ్ఞల పరంపర. వేరువేరు సంస్థల వాద్యములు ఒకదానితో నొకటి మాటాడుకొనుటకై యేర్పరచిన భాష యది. 1983 జనవరిలో కాలిఫోర్నియా యందు జరిగిన నామ్ ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600 వాద్యమును, రోలాండ్ వారి జూపిటర్-6 వాద్యమును ఈ భాషతో కలిపి చూపిరి. దాని తీగలో సెకనునకు 31,250 బిట్లు ప్రవహించును. మీటను నొక్కినప్పుడు మూడు బైట్ల సందేశము వెడలును. నొక్కిన మీట యేది, ఎంత బలముతో నొక్కితిమి అను సంగతులు 0 మొదలు 127 వరకు గల సంఖ్యలుగా అందుండును. మధ్య సి స్వరమునకు 60 సంఖ్య. అంతియే కాని, ఆ స్వరము వేణువువలె నుండునో, గంటవలె నుండునో ఆ సందేశమున లేదు. అది వాద్యమే యెరుగును.

కావున మేము కంప్యూటరులో దాచినది మాస్టరుగారి వ్రేళ్ల కదలిక మాత్రమే. మేము తిరిగి వినునప్పుడు కంప్యూటరు ఆ యాజ్ఞలను సింథసైజరునకు పంపుచుండెను. సింథసైజరు తన స్పీకర్లతో తానే మ్రోగుచుండెను. మేము రెండు ధ్వనులును కంప్యూటరునుండియే వచ్చుచున్నవని భ్రమపడితిమి. స్వరములు వ్రాసిన పుస్తకము అలమరలో నున్నంత మాత్రమున ఇంట కచేరి జరుగదు గదా! కంప్యూటరులోపలి వాద్యముల ధ్వనిని అది లెక్కగట్టి పుట్టించును గనుక ఎంత వేగముగనైనను ఫైలు చేయగలదు. బయటనున్న వాద్యమును అట్లు త్వరపెట్ట వీలులేదు. దాని ధ్వని ఆడియో కేబులు గుండా లోనికి రావలెను. నాలుగు నిమిషముల పాట నాలుగు నిమిషములు మ్రోగియే తీరవలెను. రీపర్, ఏబుల్టన్ లైవ్, లాజిక్ ప్రో మొదలగు వానిలో బయటి వాద్యమును చేర్చుకొను సాధనములు గలవు. అవి యున్నను ఆ కాలము మాత్రము తగ్గదు.

కారణము తెలియుటతో మాకు వేరొక భయము పుట్టినది. మాస్టరుగారు ఆ పాటకు వాడిన ధ్వని కొన్నదానితో వచ్చినది కాదు. వారే యేండ్లతరబడి మీటలు త్రిప్పి త్రిప్పి కుదుర్చుకొన్నది. అట్టి ధ్వనులను పాత సింథసైజరులు పలువిధములవి చిన్న బ్యాటరీ బలముతో జ్ఞాపకముంచుకొనును. బ్యాటరీ నీరసించినచో అవి తుడిచిపెట్టుకొని పోవును. ఆ సింథసైజరు రెండు నెలలుగా స్టోరుగదిలో పడియుండెను. దానిని తెచ్చి స్విచ్చి వేయునప్పుడు మా ముగ్గురిలో నెవరును మాటాడలేదు. మాస్టరుగారి పేర నున్న ధ్వని తెరపై కనబడగానే ప్రాణము లేచివచ్చినది. ముందుగా సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశములద్వారా ఆ ధ్వని వివరములను కంప్యూటరులో భద్రపరచితిమి.

పిమ్మట సింథసైజరు వెనుకనున్న కుడి యెడమ రంధ్రములనుండి రెండు కేబులులు ఆడియో ఇంటర్‌ఫేసునకు కలిపి, క్రొత్తగా స్టీరియో ఆడియో ట్రాకు తెరచితిమి. అతి బిగ్గరగా మ్రోగు తావున మట్టము మైనస్ 12 డెసిబెళ్ల చెంత నుండునట్లు సవరించితిమి. సున్నాకు మించినచో ధ్వని పగిలిపోవును. రికార్డు మీట నొక్కి నిశ్శబ్దముగా కూర్చుంటిమి. మూడవ నిమిషమున కరెంటు పోయినది! గంటసేపటికి వచ్చిన తరువాత మరల మొదటినుండి ప్రారంభించితిమి. కడపటి స్వరము గాలిలో పూర్తిగా కరగువరకు మరి కొన్ని సెకనులు ఆగితిమి. ఆ ధ్వని కంఠములకంటె 12 మిల్లీసెకనులు వెనుకబడినట్లు కనబడగా దానిని ముందునకు జరిపితిమి. ఎక్స్‌పోర్టు చేసి, ఈసారి సింథసైజరు స్విచ్చి ఆర్పివేసి, ఫైలును మొదటినుండి తుదివరకు వింటిమి. వాద్యము పలికినది.

అట్లు విని యుండనిచో మా కొక సంగతి తెలియకపోయెడిది. మూడవ చరణమున మాస్టరుగారి వ్రేలు ఒకచోట ప్రక్క మీటపై బడినది. మిడిలో దానిని దిద్దుట క్షణము పని. ఒక సంఖ్యను మార్చిన చాలును. మాలో నొకడు దిద్దుదమనెను, వేరొకడు వలదనెను. తుదకు పాటను మాస్టరుగారికి పంపి ఫోనులో అడిగితిమి. వారు కొంత తడవు పలుకక, "ఆనాడు మీ అందరి ముఖములు చూచుచు వాయించితిని నాయనా. ఆ తప్పు నాదే, ఉండనిండు" అనిరి. మేమును ఉండనిచ్చితిమి.

సోదర విద్యార్థులారా, నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. మేము పది సెకనులలో ముగించిన పనికి సభలో సిగ్గుపడితిమి. మరల చేయుటకు ఒక సాయంకాలమంతయు పట్టినది. మీరు సింథసైజరుతో పాట కట్టినచో, వాద్యము మీ చెంత నున్నప్పుడే, దాని వాదకుడు మీ చెంత నున్నప్పుడే, ధ్వనిని ఆడియోగా పట్టి యుంచుడు. ఆపై వాద్యమును ఆర్పి ఒకమారు వినుడు. ఆ పాట నేడు మా పాఠశాల కంప్యూటరులో భద్రముగా నున్నది. మూడవ చరణమున ఆ స్వరము వచ్చినప్పుడెల్ల మా మాస్టరుగారు మా ముఖములు చూచుచున్నట్లే యుండును.