కారుదీపమునకు చమురెవ్వరు పోయుదురు?

ఇంటిదీపమునకు చమురు పోయవలెనని యెరుగనివారు లేరు. కారుదీపమునకు మాత్రము అక్కరలేదని చదువుకొన్నవారును నమ్ముచున్నారు. ఇంజను ఎటులైనను తిరుగుచునే యున్నది గనుక కరెంటు ఊరక వచ్చునని మా పాఠశాలలోని గణితోపాధ్యాయులే సెలవిచ్చిరి! సంస్కృతము చెప్పుకొను మేము వారికి లెక్క చెప్పవలసివచ్చినది.

కారులో కరెంటును పుట్టించునది ఆల్టర్నేటరు. ఇంజను దానిని బెల్టుతో త్రిప్పును. కరెంటు వాడినకొలది అది త్రిప్పుటకు బరువగును. ఆ బరువును మోయునది పెట్రోలే. సామాన్యమైన ఆల్టర్నేటరు తాను గ్రహించిన శక్తిలో నూటికి సుమారు 60 పాళ్లే కరెంటుగా నిచ్చును. తక్కినది రాగితీగలలో, ఇనుపరేకులలో, ఫ్యానులో, డయోడులలో వ్యర్థమగును. ఈ డయోడుల సంగతి చూడుడు. 14 వోల్టుల కరెంటు బయటపడుటకు రెండు డయోడులను దాటవలెను. ఒక్కొక్కటి ఇంచుమించు ఒక వోల్టు సుంకము పుచ్చుకొనును. పదునాలుగు రూపాయల సరకునకు రెండు రూపాయల సుంకమిచ్చు వర్తకుడు ఊరకుండునా? వీని స్థానమున మాస్‌ఫెట్ అను ట్రాన్సిస్టరులను పెట్టినచో ఆ సుంకము చాలవరకు తప్పును. ఐరోపా సమాఖ్య 2013లోనే అధికసామర్థ్యముగల ఆల్టర్నేటరును పొగ తగ్గించు నూతనకల్పనగా అంగీకరించినది. మన కొనుగోలుదారులు రంగు నడుగుదురు, మైలేజీ నడుగుదురు. దీనిని గూర్చి అడిగినవారిని మేము చూడలేదు.

లాభమెంత? 700 వాట్లు వాడు కారులో నూటికి 60 అన్నది 75 అయినచో, పదిగంటలకు రమారమి అరలీటరు పెట్రోలు మిగులును. ధనవంతునకది లెక్కలోనిది కాదు. టాక్సీ నడుపుకొని బ్రతుకు మా పూర్వశిష్యునకు అది పిల్లల పాలఖర్చు.

అతడొకనాడు వచ్చి, "మాస్టరుగారూ! సిగరెట్టు లైటరు రంధ్రములో పెట్టే బిళ్ల ఒకటి అమ్ముతున్నారు. పెట్రోలు ఆదా అవుతుందట. ఎనిమిదివందలు. కొనమంటారా?" అని యడిగెను.

"దానిమీద వెలిగే దీపానికి కరెంటు ఎక్కడిదిరా? నీ పెట్రోలే కదా!" అంటిమి.

నవ్వెను గాని, ఆల్టర్నేటరు బెల్టు తీసివేసి రాత్రి యింటివద్ద బ్యాటరీ చార్జి చేసికొందునా యని మరల నడిగెను. ఆ మాటకు మాకు గుండె గుభేలుమన్నది. ఇంజను స్టార్టు చేయు బ్యాటరీ కొలదిసేపు బలముగా పనిచేయుటకే గాని, దినమెల్ల తోడివేయుటకు తగినది కాదు. అట్లు చేసిన త్వరలో చెడును. నడిరాత్రి ఘాటురోడ్డు మలుపులో దీపములారినచో లోపలి ప్రయాణికుల గతి యేమి?

బెల్టు బిగువు చూపించుకొమ్మని, టెర్మినళ్లకు పట్టిన తెల్లని పొడి కడిగించుమని, అక్కరలేని దీపములు ఆర్పుమని చెప్పితిమి. బ్యాటరీ ముసలిదైనచో ఎంత చార్జి పెట్టినను నిలువదనియు చెప్పితిమి. బిళ్లకై దాచిన సొమ్ము క్రొత్త బ్యాటరీ లెక్కలో జమవేసికొని వెడలిపోయెను.