చేతిరాతకి ఫాంటు ఎంతవరకు?

నాకు కొంచెం ఫాంట్ల పిచ్చి. పెళ్ళి కార్డు చేతికొస్తే ముహూర్తం కంటే ముందు అక్షరాలు చూస్తాను :) తెలుగు కార్డుల్లో బాపు రాత ఎన్నిసార్లు కనిపించిందో లెక్కలేదు. ఆయన 2014లో పోయారు, ఆయన అక్షరాలు మాత్రం ఫాంటుగా మారి, ఆయనకి ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళిళ్ళకి కూడా ఇంకా మనల్ని పిలుస్తూనే ఉన్నాయి.

మొన్న పుంగనూరు మేనమామ ఫోన్ చేశాడు. కూతురి పెళ్ళి. అబ్బాయి వాళ్ళది కుప్పం, కార్డులు అక్కడే కొట్టిస్తున్నారు. "నువ్వు కంప్యూటరోడివి కదరా, మాయమ్మ రాతని ఫాంటు చేసెయ్. కార్డంతా ఆమే రాసినట్టుండాల" అన్నాడు. అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆమె ఉత్తరాలు మదనపల్లెలో మా ఇంట్లో ఉన్నాయి.

ఇంగ్లీషుకైతే ఇది కాస్త తేలిక. 1994లో విన్సెంట్ కొనారే మైక్రోసాఫ్ట్ కోసం కామిక్ సాన్స్ గీసినప్పుడు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, పైన అంకెలు, గుర్తులు. మనకో? 36 హల్లులకి తలా 12 గుణింతాలు వేసుకున్నా 432 రూపాలు. ఒత్తులు ఇంకా లెక్కలోకే రాలేదు. అన్నీ గీసినా ఇంకో చిక్కుంది. చేత్తో రాస్తే ఏ రెండు తలకట్లూ ఒక్కలా రావు, ఫాంటులో అన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. ఓపెన్‌టైప్‌లో ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి మార్చి మార్చి వచ్చేలా చెయ్యొచ్చు, కాకపోతే పని మూడింతలు.

అయినా నన్ను ఆపింది ఆ లెక్క కాదు. 1919లో రవీంద్రుడు మా ఊరి బీ.టీ. కాలేజీలో జనగణమనకి ఇంగ్లీషు అనువాదం తన చేత్తో రాశాడు. ఆ మాటలు అచ్చులో ఎక్కడైనా దొరుకుతాయి. చేతిరాత ప్రతిలో మాత్రం ఆయన ఆ కాగితం మీద చెయ్యి పెట్టాడన్న సాక్ష్యం ఉంది. ఫాంటు ఆకారాన్ని ఇస్తుంది, సాక్ష్యాన్ని ఇవ్వలేదు. అవ్వ ఎన్నడూ రాయని కల్యాణమండపం అడ్రసు ఆమె రాతలో చదవాలంటే నాకు మనసొప్పలేదు.

"మామా, అవ్వ నిజంగా రాసిన మాటే వేద్దాం" అన్నాను. ఒక పాత ఉత్తరం చివర "అందరూ తప్పకుండా రావాల" అని ఉంది. దాన్ని స్కాన్ చేసి కార్డు పైన పెట్టాం. కింద పేర్లకి లక్కిరెడ్డి వాడాం. పురుషోత్ కుమార్ గుత్తుల చేసిన ఈ చేతిరాత ఫాంటుని సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చింది. శీర్షికలకి, ఆహ్వానాలకి భలే ఉంటుంది. సైజు తగ్గిస్తే ఒత్తులు అలుక్కుపోతాయి, అందుకే అడ్రసు మామూలు ఫాంటులో పెట్టాం.

మామ కార్డు చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంకో యాభై ఎక్కువ కొట్టించమన్నాడు.

మీ ఇంట్లోనూ పాత ఉత్తరాలుంటే ఈ వారాంతం స్కాన్ చేసి పెట్టుకోండి. ఫాంటు సంగతి తర్వాత చూసుకోవచ్చు, కాగితం అన్నాళ్ళు ఆగదు. ఏమంటారు?