దొరగారి తింగరి ప్రశ్న

అది 1906. శ్రీకాకుళం అప్పటికి గంజాం జిల్లాలో, విజయనగరం విశాఖ జిల్లాలో ఉండేవి. ఆ ప్రాంతపు బడులకు ఇన్‌స్పెక్టరుగా జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లిషు దొర వచ్చాడు. చిన్న తరగతుల్లో పండితులు తెలుగు పాఠం చెప్పే తీరు చూశాడు. బుర్ర తిరిగిపోయింది.

పుస్తకంలో 'శీఘ్రముగా రమ్ము' అని ఉంటుంది. వీధిలో పిల్లలు 'బేగి రా' అంటారు. 'ఏమి చేయుచున్నావు' అన్నది బడి గడప దాటగానే 'ఏటి సేస్తన్నావు' అయిపోతుంది. ఈ రెండింటికీ చుట్టరికముందని మనకు తెలుసు. సముద్రాలు దాటి వచ్చినవాడికేం తెలుసు? తెలుగు పిల్లలకి తెలుగు పాఠాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి చెప్పడమేమిటన్నది దొరగారి సందేహం. పండితుల లెక్కలో అదసలు ప్రశ్నే కాదు. పెళ్లికి పట్టుబట్టలు, పొలానికి గోచీ. ఇందులో అర్థం కానిదేముంది?

యేట్స్ ఊరుకోలేదు. విశాఖలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి.శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగాడు. చిత్రం చూడండి... ఓ ఇంగ్లిషాయన తెలుగు గురించి ఓ తమిళాయన్ని అడగడం! దీనికి జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరేనంటూ అయ్యంగార్ విజయనగరంలో గురజాడ అప్పారావునీ, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తినీ చూపించారు. ఆ ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లే.

గురజాడ అప్పటికే 'కన్యాశుల్కం' పాత్రలచేత జనం మాటల్నే పలికించారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే జపాన్‌లోనూ ఇదే తగవు. రాసే జపనీస్ ఒకటి, మాట్లాడేది ఇంకొకటి. ఫుతబతెయి షిమెయి 1887లో వాడుక భాషలో నవల మొదలెట్టి అక్కడ దారి తీశాడు.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగువారి కథ ఇంకా విడ్డూరం. చరిత్ర చెప్పే మాష్టారు. సవర భాష మీద మనసుపడి, తెలుగు వచ్చిన ఓ సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి మింగిన క్వినైన్ పుణ్యమా అని చెవుడొచ్చింది. పుస్తకాల్లేని భాషని జనం నోటి నుంచే పట్టుకున్న మనిషికి దొర ప్రశ్న తింగరిగా ఎందుకనిపిస్తుంది?

తర్వాత జరిగింది నవ్వులాట కాదు. స్కూలు ఫైనల్ వ్యాసాన్ని వాడుక భాషలోనూ రాయొచ్చని ఓసారి వీలిచ్చారు. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు ముందు నిలిచారు. ఆ వీలు కాస్తా పోయింది. పాపం, మధ్యలో నలిగింది పరీక్ష రాసే పిల్లలు! గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటి ఏడే కన్నుమూశారు. గిడుగు మాత్రం వదల్లేదు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి, ఊరూరా తిరిగి వాదించారు. 1940 జనవరి 15న పత్రికల వాళ్లకి చివరి విన్నపం చేసుకున్నారు. వారానికే వెళ్లిపోయారు.

ఇప్పుడు వాచకాల్లో 'రమ్ము', 'పొమ్ము' తగ్గాయి. 'త్వరగా రా' వచ్చింది. సిక్కోలు పిల్లల 'బేగి'కి మాత్రం అందులో చోటు లేదు. పైగా గుంటూరు నుంచి వచ్చిన కొత్త మాష్టారి దగ్గరికి ఓ తల్లి వెళ్లి, 'మా గుంటడికి జొరం బాబూ, అందుకే రానేదు' అందనుకోండి. ఆయనకు తెలిసిన గుంటకి జ్వరం రాదు... నీళ్లు నిలుస్తాయంతే!